టీమ్ వైటాలిటీ చరిత్ర: కాల్ ఆఫ్ డ్యూటీ రోజుల నుంచి మేజర్ల దాకా (పాత ఫ్యాన్స్ కూడా రండి)

#1 తేనెటీగ_కర్నూలు
అందరికీ నమస్తే. నిన్న కౌంటర్ స్ట్రైక్ (ఐదుగురు ఐదుగురు తలపడే షూటింగ్ గేమ్) సెక్షన్‌లో ఒక తమ్ముడు "వైటాలిటీ అంటే జైవూ టీమే కదా, అతను రాకముందు వాళ్ళకి చరిత్ర ఏముంది" అని అడిగాడు. అక్కడ రాస్తే మ్యాచ్ గోలలో ఎవరికీ కనపడదని ఇక్కడ విడిగా థ్రెడ్ మొదలుపెడుతున్నా. నేను రాసింది మొత్తం కథ కాదు, నాకు బాగా తెలిసిన ముక్కలు, మిగతావి మీరు కలపండి.

టీమ్ వైటాలిటీ అంటే రకరకాల వీడియో గేమ్ పోటీలు (ఈస్పోర్ట్స్) ఆడే క్లబ్, 2013 ఆగస్టులో ఫ్రాన్స్‌లో పెట్టారు. ముందున్న పేర్లు ఫాబియన్ దెవీద్, ఆటలో అందరూ నియో అంటారు, ఇంకొకరు నికోలా మౌరెర్. మొదటి టీమ్ కాల్ ఆఫ్ డ్యూటీది, కౌంటర్ స్ట్రైక్ కాదు లీగ్ ఆఫ్ లెజెండ్స్ కాదు. పసుపు నలుపు రంగులు, తేనెటీగ గుర్తు. 2015 చివర్లో గాంబిట్ అనే రష్యన్ టీమ్ దగ్గర యూరప్ లీగ్ ఆఫ్ లెజెండ్స్ టాప్ లీగ్‌లో ఉన్న సీటు కొనేశారు, అక్కడి నుంచే ఫ్రాన్స్ బయట వాళ్ళ పేరు వినపడటం మొదలైంది. కౌంటర్ స్ట్రైక్‌లోకి వచ్చింది చాలా లేటుగా, 2018 అక్టోబర్‌లో. అంటే మనందరికీ వాళ్ళు తెలిసిన ఆటలోకి రావడానికి వాళ్ళకి ఐదేళ్ళు పట్టింది.

ఆ మొదటి లైనప్ గుర్తుందా? అపెక్స్, ఎన్‌బీకే, ఆర్‌పీకే, అలెక్స్, ఐదోవాడు అప్పటికి ఇంకా పద్దెనిమిది కూడా నిండని జైవూ. అసలు పేరు మాథ్యూ ఎర్బో, పుట్టింది 2000 నవంబర్‌లో. అంతకుముందే పెద్ద టీమ్ పిలిస్తే చదువు పూర్తి చేయాలని వెళ్ళలేదు, ట్రిపుల్ ఏ (aAa) అనే ఫ్రెంచ్ టీమ్‌లో ఆడుకుంటూ స్కూల్ అయ్యాకే వచ్చాడు. వచ్చిన మరుసటి ఏడాదే 2019లో హెచ్‌ఎల్‌టీవీ (కౌంటర్ స్ట్రైక్ ర్యాంకింగ్స్ ఇచ్చే వెబ్‌సైట్) లెక్కలో ప్రపంచ నంబర్ వన్. 19 ఏళ్ళకే ఆ స్థానం, అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరికీ రాలేదు. 2020లో మళ్ళీ నంబర్ వన్.

నా మాట ఒకటే, వాదనకి సిద్ధంగా ఉన్నా. ఈ టీమ్ చరిత్రలో అసలు మలుపు జైవూ రావడం కాదు, 2022 జనవరి. ఆ రోజు వాళ్ళు "ఐదుగురూ ఫ్రెంచ్ మాట్లాడాలి" అనే పట్టుదల వదిలేశారు. అది చేయకపోతే జైవూ ఎంత గొప్పోడైనా ఒక్క మేజర్ (కౌంటర్ స్ట్రైక్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీ) కూడా లేకుండా రిటైర్ అయ్యేవాడని నా నమ్మకం.

#2 సికింద్రాబాద్_స్నైపర్
అన్నా మస్తు రాసినవ్. గా తమ్ముడు నేనే 🙂 2022ల ఏమైందో కొంచెం వివరంగ చెప్పు. నేను 2023 పారిస్ మేజర్ నుంచే చూస్తున్న, అంతకుముందుది ఏం తెల్వదు.

#3 గోదారి_గేమర్
నమస్తే అండి. 2022కి వెళ్ళే ముందు ఇంకా వెనక్కి వెళ్ళాలండి, లేకపోతే ఆ నిర్ణయం ఎంత పెద్దదో కుర్రాళ్ళకి అర్థం కాదు. ఫ్రెంచ్ కౌంటర్ స్ట్రైక్ అంటే ఒకప్పుడు యూరప్‌లో పెద్ద ఇల్లు. వెరీగేమ్స్ అనే పాత ఫ్రెంచ్ టీమ్ రోజుల నుంచి నేను చూస్తున్నా. 2014 చివర్లో డ్రీమ్‌హాక్ వింటర్ మేజర్ ఎల్‌డీఎల్‌సీ అనే ఫ్రెంచ్ టీమ్ కొట్టింది, హ్యాపీ, షాక్స్, ఎన్‌బీకే, స్మిత్, కియోషిమా. మరుసటి ఏడాది క్లుజ్-నపోకాలో ఎన్‌వీయస్ కొట్టింది, అది అమెరికన్ సంస్థే కానీ ఆడింది ఐదుగురూ ఫ్రెంచ్ వాళ్ళే, హ్యాపీ, ఎన్‌బీకే, కియోషిమా, కెన్నీఎస్, అపెక్స్. ఈ అపెక్స్ ఆ అపెక్సే.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, ఒకే పదిమందిని రెండు టీమ్‌ల మధ్య అటు మార్చి ఇటు మార్చి ఆడించారండి. ఒకడికి ఇంకొకడితో పడకపోతే వాడు అక్కడికి, వీడు ఇక్కడికి. 2017లో జీ2 వాళ్ళు అందరు పెద్దోళ్ళనీ ఒకచోట పోగేశారు, షాక్స్, కెన్నీ, అపెక్స్, ఎన్‌బీకే, బాడీ. కొన్ని కప్పులొచ్చాయి కానీ మేజర్ రాలేదు, ఏడాది తిరిగేసరికి అదీ చెదిరిపోయింది. భాష ఒక్కటే అయినంత మాత్రాన టీమ్ కాదని అప్పుడే తెలిసింది. వైటాలిటీ 2018లో వచ్చినప్పుడు చేసిన పని ఏంటంటే, ఆ గొడవల్లోంచి బయటికొచ్చిన అనుభవస్తుల్ని తీసుకుని వాళ్ళ మధ్య ఈ పిల్లాణ్ణి పెట్టారు. అపెక్స్, ఎన్‌బీకే, ఆర్‌పీకే అందరికీ అప్పటికి ఒంటి మీద చాలా దెబ్బలున్నాయి.

కాబట్టి కర్నూలు గారూ, మలుపు 2022 అని మీరంటే నేను పూర్తిగా ఒప్పుకోను. పునాది 2018లోనే పడింది.

#4 తేనెటీగ_కర్నూలు
పునాది పడిందండి, కాదనను. 2019లో సీఎస్ సమ్మిట్, లండన్‌లో ఈసీఎస్ సీజన్ 7, డిసెంబర్‌లో మాస్కోలో ఎపిసెంటర్, అన్నీ కొట్టారు. 2020లో ఆన్‌లైన్ రోజుల్లో బీజింగ్ ఐఈఎం యూరప్ టోర్నీ, ఆ వెంటనే బ్లాస్ట్ ఫాల్. 2021 చివర్లో ఐఈఎం వింటర్. మధ్యలో ఎన్‌బీకే పోయి షాక్స్ వచ్చాడు, అలెక్స్ దిగిపోతే అపెక్స్ కాలింగ్ (ఆట మధ్యలో టీమ్‌కి ఏం చేయాలో చెప్పే పని) తీసుకున్నాడు, మిసుటా వచ్చాడు, నివేరాని ఆరోవాడిగా పెట్టి మ్యాప్‌ని బట్టి మార్చి ఆడించే ప్రయోగం కూడా చేశారు, ఆర్‌పీకే తప్పుకున్నాక కియోజిన్ వచ్చాడు. ఇన్ని మార్పులు చేసినా ఒకటి మారలేదు. జైవూ 30 కిల్స్ కొడితే గెలుపు, 20 కొడితే ఓటమి. మేజర్ అనేసరికి ఆగిపోయేవాళ్ళు. ఫ్రాన్స్‌లో అతని పక్కన నిలబడే స్థాయి ఉన్నవాళ్ళు అప్పటికి అయిపోయారు, కొత్తవాళ్ళు ఇంకా తయారవ్వలేదు, ఎంతకాలం ఎదురుచూస్తారు?

@సికింద్రాబాద్_స్నైపర్ తమ్ముడూ, 2022 జనవరిలో ఏమైందంటే ఆస్ట్రాలిస్ నుంచి డ్యూప్రీ, మాగిస్క్, కోచ్ జోనిక్ ముగ్గురూ ఒకేసారి వచ్చారు. డెన్మార్క్ వాళ్ళు. డ్యూప్రీ అప్పటికే నాలుగు మేజర్లు గెలిచినవాడు. టీమ్ మొత్తం ఇంగ్లీష్‌కి మారింది. అపెక్స్ గురించి ఆలోచించు, ఎనిమిది పదేళ్ళు ఫ్రెంచ్‌లో అరిచినవాడు, రౌండ్ మధ్యలో రెండు సెకన్లలో నిర్ణయం చెప్పాలి, అది పరాయి భాషలో. మొదట్లో ఎంత తడబడ్డారో చూసినవాళ్ళకి తెలుసు. ఆంట్వర్ప్ మేజర్లో ప్లేఆఫ్స్ (ఆఖరి నాకౌట్ దశ) లేదు, రియో మేజర్లో ప్లేఆఫ్స్ లేదు. మధ్యలో మిసుటా స్థానంలో ఇజ్రాయెల్ కుర్రాడు స్పింక్స్ వచ్చాడు, ఆ శరదృతువులో మాల్టాలో ఈఎస్ఎల్ ప్రో లీగ్ సీజన్ 16 గెలిచారు. అప్పుడు దారి కనపడింది.

#5 బూస్ట్_లత
నాలుగు పోస్టులయ్యాయి, ఒక్కరు కూడా రాకెట్ లీగ్ అనే మాట ఎత్తలేదు. చాలా బాధగా ఉంది నిజంగా.

మీరంతా 2023 పారిస్, 2023 పారిస్ అంటారు కదా, దానికి నాలుగేళ్ళ ముందే ఈ టీమ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. 2019 జూన్, అమెరికాలో నెవార్క్, ఆర్‌ఎల్‌సీఎస్ (రాకెట్ లీగ్ ప్రపంచ పోటీ) సీజన్ 7, ఫైనల్లో జీ2 మీద. అప్పుడు పేరు రెనో వైటాలిటీ, ఎందుకంటే 2018లో కార్ల కంపెనీ రెనో వాళ్ళతో ఒప్పందం అయ్యింది, కార్లతో ఫుట్‌బాల్ ఆడే ఆటకి కార్ల కంపెనీ, అంతకన్నా సరిపోయే జోడీ ఇంకోటి ఉండదు. కేడాప్, ఫెయిరీ పీక్ ఇద్దరూ ఫ్రెంచ్, మూడోవాడు స్కాట్లాండ్ పిల్లాడు స్క్రబ్ కిల్లా. అతనికి వయసు లిమిట్ వల్ల టాప్ లీగ్‌లో ఆడటానికి కొంతకాలం ఎదురుచూడాల్సి వచ్చింది, 15 నిండాకే రానిచ్చారు. కేడాప్‌కి అది మూడో ప్రపంచ టైటిల్.

ఇంకా ఉంది. 2023 ఆగస్టు, జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్, మళ్ళీ ప్రపంచ ఛాంపియన్లు. ఈసారి ముగ్గురూ ఫ్రెంచ్ వాళ్ళే. ఆల్ఫా54, రాడోసిన్, జెన్. జెన్‌కి అప్పుడు 16 ఏళ్ళు! గాల్లో బంతి తిరిగే తీరు చూసి ఆ మూల నుంచి ఎవరూ కొట్టలేరు అనుకుంటాం, అతను అక్కడికి ముందే వెళ్ళి ఉంటాడు, డిఫెండర్ ఇద్దరూ నేల మీదే ఉంటారు. నేను ఆ ఫైనల్ రిపీట్‌లో ఎన్నిసార్లు చూశానో. కర్నూలు అన్నా, "ఫ్రెంచ్ వదిలేశాకే గెలిచారు" అని నువ్వు రాశావు కదా, అదే సంవత్సరం అదే క్లబ్ పూర్తి ఫ్రెంచ్ టీమ్‌తో ప్రపంచ కప్పు కొట్టింది. దీనికి ఏమంటావ్?

#6 తేనెటీగ_కర్నూలు
లతా, ఇది మంచి దెబ్బ. నేను చెప్పేది కౌంటర్ స్ట్రైక్ వరకే. రాకెట్ లీగ్‌లో ముగ్గురు కావాలి, ఆ ఆటలో ఫ్రాన్స్ ప్రపంచంలోనే టాప్, పిల్లలు వరసగా వస్తూనే ఉన్నారు. కౌంటర్ స్ట్రైక్‌లో ఐదుగురు కావాలి, అప్పట్లో వాళ్ళకి అంతమంది లేరు. ఆట మారితే లెక్క మారుతుంది. క్లబ్ ఏ ఆటకి ఏది సరిపోతుందో చూసి చేసింది, అదే నాకు నచ్చేది.

#7 లీల్‌లో_తెలుగోడు
నేను ఉత్తర ఫ్రాన్స్‌లో లీల్‌లో ఉంటున్నా, చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగం. జైవూ కూడా ఈ వైపు వాడే, పాద్-కలే జిల్లా. ఇక్కడి వాళ్ళ కోణం కొంచెం చెప్తాను, ఎందుకంటే ఇక్కడి కుర్రాళ్ళతో మాట్లాడితే మనం అక్కడి నుంచి చూసేదానికి తేడా ఉంటుంది.

2022లో డెన్మార్క్ వాళ్ళని తీసుకున్నప్పుడు ఇక్కడ చాలామందికి మనసు విరిగింది. నా ఆఫీసులో ఒకతను వెరీగేమ్స్ రోజుల నుంచి చూస్తున్నాడు, అతనికి మ్యాచ్ అంటే గెలుపు ఒక్కటే కాదు, రౌండ్ గెలిచాక టీమ్ వాయిస్‌లో వాళ్ళు ఫ్రెంచ్‌లో అరుస్తుంటే వినడం, వాళ్ళ బూతులు అర్థమవ్వడం, అది మన టీమ్ అనే ఫీలింగ్. అది పోయిందన్నాడు. ఆ బాధని తక్కువ చేయకూడదు.

సరిగ్గా ఆ ఖాళీలోకే కార్మీన్ కోర్ అనే ఇంకో ఫ్రెంచ్ క్లబ్ వచ్చింది. 2020లో కామెటో అనే స్ట్రీమర్, ప్రైమ్ అనే ఇంకొకతను కలిసి మొదలుపెట్టారు. నీలం రంగు, డప్పులు, బ్యానర్లు, ఫుట్‌బాల్ అల్ట్రాస్ లాంటి ఫ్యాన్స్. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో యూరోపియన్ మాస్టర్స్ టోర్నీ వరసగా మూడుసార్లు కొట్టారు, 2021లో రెండు, 2022 స్ప్రింగ్‌లో ఒకటి. 2024కి ఆస్ట్రాలిస్ సీటు కొని ఎల్‌ఈసీలోకి (ఆ ఆట యూరప్ టాప్ లీగ్) వచ్చారు, 2025 వింటర్‌లో జీ2ని 3-0తో ఓడించి టైటిల్ కొట్టారు. పారిస్ లా డెఫెన్స్ ఎరీనాలో వాళ్ళు ఈవెంట్ పెడితే పెద్ద రాక్ బ్యాండ్ల కచేరీ జరిగే చోటు నిండిపోయింది. ఇక్కడ మెట్రోలో టీనేజ్ పిల్లల మీద నాకు ఎక్కువ కనపడేది నీలం జెర్సీనే, పసుపు కాదు. కప్పులు వైటాలిటీవి, పిల్లల గుండెలు కార్మీన్‌వి. ఇది నా అభిప్రాయం, మీకు కోపం రావచ్చు.

#8 తేనెటీగ_కర్నూలు
కోపం ఎందుకు అన్నా, చెప్పాల్సిందే చెప్పావు. కానీ ఒక్కటి అడుగుతా. 2025 వింటర్‌లో ఎల్‌ఈసీ గెలిచిన ఆ కార్మీన్ టీమ్ చూడు. కన్నా కొరియా, యైక్ స్వీడన్, వ్లాడి గ్రీస్, టార్గమాస్ బెల్జియం, ఫ్రెంచ్ వాడు ఒక్కడే, కాలిస్ట్. వైటాలిటీ కౌంటర్ స్ట్రైక్‌లో అదే సమయంలో ఇద్దరు ఫ్రెంచ్ వాళ్ళు, అపెక్స్ కెప్టెన్, జైవూ స్టార్, కోచ్ ఎక్స్‌టాజ్ కూడా ఫ్రెంచే. మరి భాష పోయింది, ఫ్రెంచ్‌తనం పోయింది అనే మాట వైటాలిటీకే ఎందుకు అంటుకుంది?

#9 లీల్‌లో_తెలుగోడు
ఎందుకంటే కార్మీన్ జనంతో మొదలైంది, స్ట్రీమ్ చూసేవాళ్ళతో మొదలైంది. వైటాలిటీ పద్ధతి కంపెనీ పద్ధతి. ఆఫీసు, ఇన్వెస్టర్లు, బ్రాండెడ్ జెర్సీలు. తప్పు కాదు, కానీ ప్రేమ పుట్టే తీరు వేరు.

అయితే ఒక్క రాత్రి మాత్రం ఆ తేడా లేకుండా పోయింది, 2023 మే 21. పారిస్ బెర్సీ, ఇప్పుడు అకోర్ ఎరీనా అంటారు. నాకు టికెట్ దొరికింది. అది సీఎస్‌గోలో (కౌంటర్ స్ట్రైక్ పాత వెర్షన్) ఆఖరి మేజర్, దాని తర్వాత కొత్త వెర్షన్ సీఎస్2 వచ్చేసింది. ఫైనల్లో గేమర్‌లీజియన్ టీమ్ మీద ఓవర్‌పాస్ మ్యాప్ 16-6, న్యూక్ మ్యాప్ 16-13. మొదటి మ్యాప్ అయ్యేసరికే జనం కూర్చోవడం మానేశారు. నా ముందు వరసలో కార్మీన్ జెర్సీ వేసుకున్న కుర్రాడు ఒకడు జైవూ పేరు అరుస్తూ గొంతు పోగొట్టుకున్నాడు. న్యూక్‌లో గేమర్‌లీజియన్ దగ్గరికొచ్చినప్పుడు ఆ హాల్లో ఉన్న భయం నేను చెప్పలేను, ఇంట్లో ఆడుతున్నాం కదా, ఇక్కడ ఓడితే ఇంకెప్పుడు అనేది ప్రతి మొహంలో ఉంది. గెలిచాక అపెక్స్ అరిచిన అరుపు ఇప్పటికీ ఇక్కడి వాళ్ళు క్లిప్పులుగా పంపుకుంటారు.

#10 గోదారి_గేమర్
ఆ టోర్నీ ప్లేఆఫ్స్‌లో ఒక్క మ్యాప్ కూడా పోగొట్టుకోలేదండి వైటాలిటీ. ఇన్‌టు ద బ్రీచ్ 2-0, అపెక్స్ 2-0, ఫైనల్ 2-0. (ఆ అపెక్స్ నార్వే టీమ్, మన అపెక్స్ మనిషి, కలపకండి.) అప్పట్లో చాలామంది "దారి సులువుగా పడింది, ఫేజ్ రాలేదు, నావీ రాలేదు, జీ2 రాలేదు" అని తేలిగ్గా తీసేశారు. నాకది నచ్చదు. వాళ్ళంతా ఎందుకు రాలేదంటే మధ్యలో ఎవరో ఓడించారు కాబట్టి. సొంత దేశంలో, అంత ఒత్తిడిలో, అందరూ మీరే గెలుస్తారంటున్నప్పుడు నిజంగా గెలవడం చాలా కష్టం. మాగిస్క్‌కి నాలుగో మేజర్, డ్యూప్రీకి ఐదోది, ఐదు గెలిచిన మొదటి ఆటగాడు అతనే. టోర్నీ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) జైవూ.

అపెక్స్ సంగతి చూడండి, క్లుజ్ 2015లో మొదటి మేజర్, రెండోది 2023లో. ఎనిమిదేళ్ళు! మధ్యలో ఎన్ని టీమ్‌లు మారాడు, ఎంతమంది అతన్ని కేకలేసే మనిషి అని విమర్శించారు. ఈ టీమ్ చరిత్ర రాయాలంటే నేనైతే అతనితో మొదలుపెడతానండి, జైవూతో కాదు.

#11 సికింద్రాబాద్_స్నైపర్
అన్నా గది నేను మా దిల్‌సుఖ్‌నగర్ గేమింగ్ కేఫ్‌ల చూసిన, మావోళ్ళందరం వాలరెంట్ ఆడుడు ఆపి స్క్రీన్ మీద మ్యాచ్ పెట్టుకున్నం. నాకు అప్పటికి ఏం తెల్వదు కానీ ఆ జనం అరుపులు చూసి ఈ టీమ్‌కు ఫ్యాన్ అయిన.

ఒక డౌట్. గీ టీమ్‌కు ఇన్ని పైసలు ఎట్ల వచ్చినయ్? ఇండియాల కూడా వీళ్ళ టీమ్ ఉండె కదా?

#12 తేనెటీగ_కర్నూలు
పైసల సంగతిలో మనకి సంబంధం ఉన్న ముక్క ఒకటుంది. 2018 నవంబర్‌లో వైటాలిటీకి 20 మిలియన్ యూరోల పెట్టుబడి వచ్చింది, అప్పట్లో యూరప్ ఈస్పోర్ట్స్‌కి అది చాలా పెద్ద మొత్తం. పెట్టింది రీవైర్డ్ అనే ఫండ్, దాని వెనక ఉన్నది లండన్‌లో ఉండే భారత సంతతి వ్యాపారి తేజ్ కోహ్లీ. మరుసటి ఏడాది అదే చోటు నుంచి ఇంకో 14 మిలియన్లు. ఆ డబ్బుతోనే 2019లో పారిస్ నడిబొడ్డున వీ.హైవ్ అనే సొంత బిల్డింగ్ తెరిచారు, అంటే తేనెతుట్టె, ఫ్యాన్స్ లోపలికి వెళ్ళి ఆడుకునేలా, జెర్సీలు కొనుక్కునేలా, మ్యాచ్‌లు చూసేలా కట్టారు. ఆటగాళ్ళ ట్రైనింగ్ కోసం స్టాద్ ద ఫ్రాన్స్‌లో, ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్ జరిగిన స్టేడియంలో సెంటర్ పెట్టుకున్నారు. నిద్ర, తిండి, మెదడు, ఒంటి వ్యాయామం అన్నీ క్రీడాకారుల్లాగే చూసుకునే పద్ధతి.

ఇండియాకి 2021లో వచ్చారు, కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ టీమ్ తీసుకున్నారు. వాళ్ళు మొదలైన ఆటతోనే ఇక్కడికి కూడా రావడం నాకు నచ్చింది. తర్వాత ఆసియాలో వాళ్ళ పెద్ద అడుగు ఇండోనేషియాలో పడింది, బిగెట్రాన్ అనే పాత పేరున్న టీమ్‌ని కలుపుకున్నారు.

#13 లీల్‌లో_తెలుగోడు
డబ్బుతో పాటు చట్టం కూడా ఉంది, ఇది మన దగ్గర కుర్రాళ్ళు తెలుసుకోవాలి. ఫ్రాన్స్ 2016 అక్టోబర్‌లో డిజిటల్ రిపబ్లిక్ చట్టం చేసింది, అందులో ఈస్పోర్ట్స్ ఆటగాడికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగ ఒప్పందం పెట్టారు. ప్రభుత్వం గుర్తింపు ఇచ్చిన క్లబ్ అయితే ఆటగాణ్ణి మామూలు ఉద్యోగిలాగా జీతం మీద తీసుకోవచ్చు, ఒప్పందం మామూలుగా కనీసం ఏడాది, ఎక్కువలో ఎక్కువ ఐదేళ్ళు. జీతం స్లిప్పు, సోషల్ సెక్యూరిటీ, సెలవులు అన్నీ. మైనర్ పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి, ప్రైజ్ మనీ గురించి కూడా నిబంధనలున్నాయి. పదహారేళ్ళ జెన్ లాంటివాడు ప్రపంచ కప్పు ఆడుతున్నాడంటే ఇంట్లో అమ్మానాన్న ధైర్యంగా పంపడానికి ఇలాంటివి ఎంత పనికొస్తాయో ఆలోచించండి. మన దగ్గర బీజీఎంఐ (మొబైల్ షూటింగ్ గేమ్) ఆడే ఒక కుర్రాడు ఇంట్లో చెప్పుకోవాలంటే చూపించడానికి కాగితమే ఉండదు.

#14 మిడ్‌లేన్_మూర్తి
లీగ్ ఆఫ్ లెజెండ్స్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా, ఇది కొంచెం నొప్పి ఉన్న భాగం.

2018 టీమ్‌ని నేను ఇప్పటికీ మర్చిపోలేను. టాప్‌లో కబోషార్డ్, మిడ్‌లో ఇటలీ కుర్రాడు జీజుకే, ఏడీసీ పోర్చుగల్ అటీలా, సపోర్ట్ పోలాండ్ జాక్‌ట్రోల్, జంగిల్‌లో వరల్డ్స్‌కి (ఆ ఆట ప్రపంచ కప్పు) కికిస్, కోచ్ యమటోకానన్. టాప్, మిడ్, జంగిల్, ఏడీసీ, సపోర్ట్ ఇవన్నీ ఆటలో ఐదుగురి స్థానాలు. పెద్ద పేర్లు కావు, జీతాలు పెద్దవి కావు, లీగ్ మొదలయ్యే ముందు వీళ్ళ మీద ఎవరికీ ఆశల్లేవు. మొదటిసారి వరల్డ్స్‌కి వెళ్ళి కొరియాలో బూసాన్ గ్రూప్‌లో జెన్‌జీ పక్కన పడ్డారు. జెన్‌జీ అంటే ఏడాది ముందు శాంసంగ్ పేరుతో వరల్డ్స్ గెలిచిన టీమ్. అదే గ్రూప్‌లో ఆ ఏడాది ఎంఎస్ఐ (మధ్య సీజన్ అంతర్జాతీయ టోర్నీ) గెలిచిన ఆర్‌ఎన్‌జీ, ఇంకా క్లౌడ్9. అందరూ ఆరు ఓటములు రాసిపెట్టారు. వీళ్ళు వెళ్ళి జెన్‌జీని రెండుసార్లు ఓడించారు, ఆర్‌ఎన్‌జీని ఒకసారి ఓడించారు. 3-3తో బయటికొచ్చారు కానీ భయపడకుండా, ఆగి చూసుకోకుండా, కనపడ్డవాడి మీదకి దూకే ఆట. ఆ ఏడాది వరల్డ్స్ మొత్తం ఆ వేగంతోనే సాగింది, వీళ్ళ ఆట చూసి మిగతావాళ్ళకి కూడా అలా ఆడొచ్చని ధైర్యం వచ్చిందని నేను గట్టిగా నమ్ముతా.

ఇక 2022. కౌంటర్ స్ట్రైక్‌లో పెద్దోళ్ళని తెచ్చిన ఏడాదే ఇక్కడా తెచ్చారు. పెర్క్జ్, అల్ఫారి, కార్జీ, ఉన్న సెల్ఫ్‌మేడ్, లాబ్రోవ్. కాగితం మీద యూరప్‌లో అంతకన్నా మంచి టీమ్ లేదు. వరల్డ్స్‌కే వెళ్ళలేదు! 2023లో మళ్ళీ మార్చారు, మళ్ళీ లేదు. 2018 తర్వాత 2025 దాకా ఒక్కసారి కూడా వరల్డ్స్ గడప తొక్కలేదు. కాబట్టి "బయటినుంచి మంచోళ్ళని తెస్తే గెలుస్తాం" అనే సిద్ధాంతం అంత తేలిక కాదు కర్నూలు అన్నా, అదే క్లబ్, అదే ఏడాది, అదే పద్ధతి, ఒకచోట మేజర్ వచ్చింది ఇంకోచోట ఏమీ మిగల్లేదు.

#15 గోదారి_గేమర్
మూర్తి గారూ చాలా బాగా చెప్పారండి. తేడా ఎక్కడంటే, కౌంటర్ స్ట్రైక్‌లో మధ్యలో ఒక మనిషి కదలకుండా ఉన్నాడు. జైవూ 2018 నుంచి ఒకే టీమ్, అపెక్స్ కూడా. వాళ్ళిద్దరి చుట్టూ మిగతావాళ్ళు మారారు. లీగ్‌లో 2018 టీమ్‌ని విడగొట్టేశారు, కబోషార్డ్ కొంతకాలం ఉన్నాడు కానీ మధ్య స్తంభం లేదు. ప్రతి ఏడాదీ కొత్త ఇల్లు కట్టినట్టయింది.

#16 తేనెటీగ_కర్నూలు
ఇదే, నేను వెతుకుతున్న మాట ఇదే అండి. 2023 మేజర్ తర్వాత ఏం చేశారో చూడండి. గెలిచిన టీమ్‌ని కూడా అలా ఉంచలేదు. డ్యూప్రీ స్థానంలో ఫ్లేమ్‌జీ, ఆ వేసవిలోనే రియాద్‌లో గేమర్స్8, డిసెంబర్‌లో అబుదాబిలో బ్లాస్ట్ వరల్డ్ ఫైనల్. జైవూ మళ్ళీ 2023 నంబర్ వన్. ఆ ఏడాది చివర్లో మాగిస్క్, జోనిక్ ఫాల్కన్స్‌కి వెళ్ళిపోయారు, ఇంగ్లాండ్ కుర్రాడు మెజీ వచ్చాడు, కోచ్‌గా పాత ఎక్స్‌టాజ్ తిరిగొచ్చాడు. 2024లో కొలోన్ గెలిచారు కానీ రెండు మేజర్లూ చేజారాయి. 2025 జనవరిలో స్పింక్స్ స్థానంలో ఫేజ్ నుంచి ఎస్టోనియా రాప్జ్.

ఇక ఆ ఆరు నెలలు! కటోవిట్సా, ప్రో లీగ్ 21, లిస్బన్ బ్లాస్ట్ ఓపెన్, మెల్‌బోర్న్, బ్లాస్ట్ రైవల్స్, డల్లాస్, ఆస్టిన్ మేజర్. ఏడు కప్పులు వరసగా. మెల్‌బోర్న్‌తో ఈఎస్ఎల్ గ్రాండ్ స్లామ్ (ఈఎస్ఎల్ పెద్ద టోర్నీలు కొన్ని గెలిస్తే వచ్చే బహుమతి) కూడా పూర్తయ్యింది, అది ఒక మిలియన్ డాలర్లు. మధ్యలో 30 మ్యాచ్‌లు ఓటమి లేకుండా. ఆస్టిన్ ఫైనల్ ద మంగోల్జ్ మీద 2-1, మనకి అర్ధరాత్రి దాటాక వచ్చింది. మంగోలియా కుర్రాళ్ళు ఎంత బాగా ఆడారో, వాళ్ళ కోసం కూడా మనసు కొట్టుకుంది.

#17 బూస్ట్_లత
ఆ డిసెంబర్‌లో బుడాపెస్ట్ మేజర్ కూడా కలపండి. ఫేజ్ మీద 3-1. రాప్జ్ పాత టీమ్ మీదే. వరసగా రెండు మేజర్లు. నేను కౌంటర్ స్ట్రైక్ పెద్దగా చూడను, అది మాత్రం చివరిదాకా చూశాను.

మూర్తి గారు 2018 గురించి రాసింది చదివి ఆ గేమ్స్ వెతుక్కుంటున్నా, జెన్‌జీ మీద మొదటిది ముందు చూడాలా రెండోదా?

#18 మిడ్‌లేన్_మూర్తి
మొదటిది ముందు చూడండి లత గారూ, గ్రూప్ మొదలైన రోజు ఆడింది. మిడ్‌లో జీజుకే మీద కళ్ళు పెట్టండి, డ్రాఫ్ట్ (ఆటకి ముందు పాత్రలు ఎంచుకునే భాగం) స్కిప్ చేయొద్దు. అది అయ్యాక ఆర్‌ఎన్‌జీ మీద గెలిచిన గేమ్.

#19 సికింద్రాబాద్_స్నైపర్
నేను కూడ చూస్త. గోదారి అన్నా, క్లుజ్ 2015 ఫైనల్ ఫుల్ మ్యాచ్ ఇంకా దొరుకుతదా? అపెక్స్‌ను చిన్నగున్నప్పుడు చూడాలె.

#20 గోదారి_గేమర్
దొరుకుతుందండి, నావీ మీద ఫైనల్, 2-0. టోర్నీ పేరుతో యూట్యూబ్‌లో వెతకండి. కెన్నీఎస్ ఏడబ్ల్యూపీ (స్నైపర్ తుపాకీ) పట్టుకున్నప్పుడు ఒకసారి, అపెక్స్ తలుపులోంచి మొదట దూకినప్పుడు ఒకసారి ఆపి చూడండి. అప్పుడు అతను కాలర్ కాదు, మొదట లోపలికి వెళ్ళేవాడు. ఆ దూకుడే ఇప్పుడు కాలింగ్‌లో కనపడుతుంది.